నాలుగో బొమ్మ దగ్గర ఆగిన హైకూ: వాడి చూడటం నుంచి ప్యాచ్ పంపడం దాకా

హైకూ అనే ఆపరేటింగ్ సిస్టమ్ బూట్ అవుతుంటే తెర మీద ఏడు చిన్న బొమ్మలు మసగ్గా కనిపిస్తాయి. పని ముందుకు సాగేకొద్దీ ఎడమ వైపు నుంచి ఒక్కొక్కటిగా వెలుగుతాయి. మొదటిది అణువు బొమ్మ: సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ మాడ్యూళ్లు సిద్ధమవుతున్నాయి. రెండోది భూతద్దం: మూల ఫైల్ సిస్టమ్, పరికరాల ఫైల్ సిస్టమ్ తయారవుతున్నాయి. మూడోది సర్క్యూట్ బోర్డులో గుచ్చిన కార్డు: డివైస్ మేనేజర్ మొదలైంది. నాలుగోది డిస్కు: సిస్టమ్ ఏ డిస్కు నుంచి నడవాలో దాన్ని వెతికి మౌంట్ చేస్తోంది. ఆ తర్వాత చిప్పు, ఫోల్డరు, చివర రాకెట్. రాకెట్ వెలిగిందంటే కెర్నెల్ పని గట్టెక్కినట్టే, ఇక స్టార్టప్ స్క్రిప్టు డెస్క్‌టాప్‌ని తెరుస్తుంది.

ఇప్పుడు ఒక పాత లాప్‌టాప్ నాలుగో బొమ్మ దగ్గర ఆగిపోయిందనుకోండి. "హైకూ బూట్ కావట్లేదు" అని రాస్తే డెవలపర్‌కు అందులో పట్టు దొరకదు. "నాలుగో బొమ్మ దగ్గర ఆగింది, యూఎస్‌బీ 3 పోర్టులో పెడితేనే, 2 పోర్టులో పెడితే బూట్ అవుతోంది" అని రాస్తే వెతకాల్సిన చోటు యూఎస్‌బీ డ్రైవరు దాకా కుదించుకుపోయింది. రాసినవారికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి సాయం చేయడం అంటే కోడ్ రాయడమే అనుకుని చాలామంది గుమ్మం దగ్గరే ఆగిపోతారు. నిజానికి తప్పు ఏ పొరలో ఉందో తేల్చి, దాన్ని సరైన చోట చెప్పడమే ఇందులో సగం పని. కోడ్ రాసేవారు కూడా మొదట చేసేది అదే.

ఇది లినక్స్ కాదు

ఈ తేడా తెలియకపోతే తర్వాతి ప్రతి అడుగులోనూ తికమక వస్తుంది. యాపిల్‌లో పనిచేసి బయటికొచ్చిన జాన్ లూయీ గాసే 1990లో బీ అనే కంపెనీ పెట్టారు. ఆ కంపెనీ తయారుచేసిన బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వ్యాపారంగా నిలబడలేదు. 2001 ఆగస్టులో పామ్ కంపెనీ దాని ఆస్తుల్ని కొనడానికి ఒప్పందం చేసుకుంది. అదే నెలలో వాడకందారులు కొందరు కలిసి, బీఓఎస్‌ని మొదటి నుంచీ సొంత కోడ్‌తో తిరిగి రాయడానికి ఓపెన్‌బీఓఎస్ పేరుతో పని మొదలుపెట్టారు. 2004లో దాని పేరు హైకూగా మారింది. కెర్నెల్‌కి న్యూఓఎస్ అనే చిన్న కెర్నెల్ పునాది. లైసెన్సు ఎంఐటీ. మొదటి ఆల్ఫా 2009 సెప్టెంబరులో, మొదటి బీటా 2018 సెప్టెంబరులో, బీటా 5 2024 సెప్టెంబరులో వచ్చాయి.

లినక్స్‌లో కెర్నెల్ ఒకరిది, డెస్క్‌టాప్ ఇంకొకరిది, వాటిని కలిపి పంచేది మరొకరు. హైకూలో కెర్నెల్, విండోలు గీసే సర్వరు, ఫైల్ మేనేజర్, ఇన్‌స్టాలర్, సెట్టింగుల ప్రోగ్రాములు అన్నీ ఒకే సోర్స్ చెట్టులో, ఒకే బృందం చేతిలో ఉంటాయి. అందుకే మెనూలో ఒక మాట తప్పుగా ఉన్నా, డిస్కు డ్రైవరు క్రాష్ అయినా ఒకే టికెట్ (తప్పుల ఫిర్యాదు) వ్యవస్థలో చెప్పవచ్చు. కొత్తగా చేరేవారికి ఇది చాలా పెద్ద సౌకర్యం.

వర్చువల్ మెషీన్ అయితే

కనీస అవసరాలు చిన్నవే: 384 ఎంబీ మెమరీ, 3 జీబీ డిస్కు. హాయిగా వాడాలంటే 2 జీబీ మెమరీ, 16 జీబీ డిస్కు పెట్టుకోండి. 64 బిట్, 32 బిట్ అని రెండు రూపాలున్నాయి. పాత బీఓఎస్ ప్రోగ్రాములు నడపాలనుకుంటే తప్ప 64 బిట్ తీసుకోండి. 32 బిట్‌లో పాత ప్రోగ్రాముల కోసం జీసీసీ 2 కంపైలర్, కొత్తవాటి కోసం ఇప్పటి కంపైలర్ రెండూ పక్కపక్కన ఉంటాయి. తొలిసారి కంపైల్ చేసేవారికి ఆ జంట కాపురం తలనొప్పి.

వర్చువల్‌బాక్స్‌లో సిస్టమ్ రకం "అదర్, 64 బిట్" అని ఎంచుకుని, 2 జీబీ మెమరీ ఇచ్చి, నెట్‌వర్క్ కార్డుగా ఇంటెల్ ప్రో 1000 పెడితే సాధారణంగా గొడవ లేకుండా నడుస్తుంది. అలవాటు పడటానికి, ప్రోగ్రాములు పోర్ట్ చేయడానికి (వేరే సిస్టమ్‌కి రాసినవాటిని ఇక్కడ నడిచేలా మార్చడానికి), కోడ్ రాయడానికి ఇది చాలు. అయితే వర్చువల్ మెషీన్ చూపించే హార్డ్‌వేర్ అందరికీ ఒకటే, దాని మీద ఇప్పటికే వందలసార్లు పరీక్షలు జరిగాయి. ఈ ప్రాజెక్టుకి నిజంగా కొరత ఉన్నది మీ బల్ల మీదున్న అసలు మెషీన్ మీద జరిగే పరీక్ష.

పెన్‌డ్రైవ్ అయితే

దొరికే ఫైలు పేరు ఎనీబూట్ ఇమేజ్. అదే సీడీ మీదైనా, పెన్‌డ్రైవ్ మీదైనా పనిచేస్తుంది. 4 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది. మొదట చెక్‌సమ్ (ఫైలు పూర్తిగా దిగిందో లేదో తేల్చే సంఖ్య) సరిచూడండి, సగం దిగిన ఇమేజ్ వల్ల వచ్చే తప్పులు వింతగా ఉండి రోజులు తినేస్తాయి. విండోస్‌లో రూఫస్‌తో రాస్తే, అది అడిగినప్పుడు డీడీ పద్ధతే ఎంచుకోవాలి. లినక్స్‌లో డీడీ కమాండ్‌తో రాసేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు, మొత్తం పరికరానికి రాయాల్సింది పోయి అందులోని మొదటి పార్టిషన్‌కి రాయడం. అంటే "ఎస్‌డీబీ" అనాల్సిన చోట "ఎస్‌డీబీ1" అనడం. కమాండ్ తప్పేమీ చూపకుండా ముగుస్తుంది, పెన్‌డ్రైవ్ మాత్రం బూట్ కాదు. పరికరం పేరు రెండుసార్లు చూసుకోండి, తప్పు డిస్కు పేరు కొడితే అందులోని డేటా పోతుంది.

మెషీన్ సెట్టింగుల్లో సెక్యూర్ బూట్ ఆపాలి. ఆపకపోతే ఆ ఏడు బొమ్మల దాకా కూడా రాదు. బూట్ అయ్యాక భాష, కీబోర్డు అడిగి, ఊరికే చూడాలా ఇన్‌స్టాల్ చేయాలా అంటుంది. మొదటిదే నొక్కండి. పెన్‌డ్రైవ్ మీద చేసిన మార్పులు నిలిచే ఉంటాయి, కానీ ఇమేజ్‌లో ఖాళీ జాగా కొంచెమే కాబట్టి దాని మీదే పెద్ద అప్‌డేట్లు చేయకండి.

తెర గందరగోళంగా వచ్చినా, మధ్యలో హ్యాంగ్ అయినా బూట్ లోడర్ మెనూలోకి వెళ్లాలి. పాత బయోస్ ఫర్మ్‌వేర్ ఉన్న మెషీన్లలో షిఫ్ట్ పట్టుకుని ఉండాలి, కొత్త యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ ఉన్న మెషీన్లలో స్పేస్ కీని టకటకా కొడుతూ ఉండాలి. అందులో సేఫ్ మోడ్ ఎంపికలున్నాయి: భద్రమైన వీడియో మోడ్ వాడటం, ఒక్క కోర్‌తోనే నడవడం, 4 జీబీ పైన ఉన్న మెమరీని వదిలేయడం, ఏపీఐసీని ఆపడం. అన్నీ ఒకేసారి టిక్ పెట్టి "బూట్ అయింది" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఒక్కోసారి ఒక్కటే పెట్టి చూడండి. ఏ ఒక్క ఎంపికతో సమస్య పోయిందో అదే రిపోర్టులో అన్నిటికన్నా విలువైన వాక్యం.

ఏది పనిచేయకపోవచ్చు, ఎందుకు

వైర్డ్ నెట్‌వర్క్, వైఫై డ్రైవర్లలో చాలా భాగం ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఓపెన్ సోర్స్ సిస్టమ్ నుంచి వచ్చినవి. వాటి కోడ్‌ని పెద్దగా మార్చకుండా వాడుకోవడానికి హైకూ మధ్యలో ఒక పొర రాసుకుంది. బీటా 4 నుంచి కొన్ని ఇంటెల్ వైఫై డ్రైవర్లు ఓపెన్‌బీఎస్‌డీ నుంచి వస్తున్నాయి. అంటే మీ వైఫై చిప్పుకి అక్కడ మద్దతు లేకపోతే ఇక్కడా సాధారణంగా ఉండదు. అక్కడ నడిచి ఇక్కడ నడవకపోతే, అనుమానం ఆ మధ్య పొర మీదికి వెళ్తుంది. ఫ్రీబీఎస్‌డీ పెన్‌డ్రైవ్‌తో ఒకసారి బూట్ చేసి చూడటానికి అరగంట పడుతుంది, రిపోర్టు విలువ రెట్టింపవుతుంది.

ఈలోగా నెట్ కావాలంటే ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి. దానికి కావాల్సిన డ్రైవరు బీటా 4 నుంచి ఉంది. ఇంట్లో ఫోన్ డేటాయే ఇంటర్నెట్ అయిన మన దగ్గర ఇదే తొలి దారి అనుకోవచ్చు.

గ్రాఫిక్స్ కార్డు ద్వారా 3డీ వేగం లేదు, 3డీ అంతా ప్రాసెసరే గీస్తుంది. కొత్త ఎన్‌విడియా కార్డుల్లో, మెషీన్ ఫర్మ్‌వేర్ ఇచ్చిన రిజల్యూషన్‌తోనే తెర వస్తుంది. లాప్‌టాప్ మూత మూస్తే నిద్రపోయే సస్పెండ్ సౌకర్యం లేదు. ఇవన్నీ తెలిసిన లోట్లు, వీటి మీద కొత్త టికెట్లు రాయకండి. ఇంకో సంగతి కూడా మనసులో ఉంచుకోవాలి. ఇది ఒక్కరి కోసం రూపొందిన సిస్టమ్, ఆ ఒక్క యూజర్‌కి అన్ని అధికారాలూ ఉంటాయి. బ్యాంకు పనులు, ఒక్కటే కాపీ ఉన్న ఫోటోలు దీని మీద పెట్టకండి.

కాపీకి కంట్రోల్ సీ కొడితే ఏమీ జరగక కంగారు పడేవాళ్లు ఎక్కువ. ఇక్కడ షార్ట్‌కట్లు ఆల్ట్ కీ మీద ఉంటాయి. కీమ్యాప్ సెట్టింగుల్లో ఒక్క బటన్‌తో విండోస్ పద్ధతికి మార్చుకోవచ్చు.

డిస్కు మీద పెట్టేటప్పుడు

డ్రైవ్‌సెటప్ అనే ప్రోగ్రాంలో ఒక పార్టిషన్‌ని బీ ఫైల్ సిస్టమ్‌గా ఇనిషియలైజ్ చేసి, ఇన్‌స్టాలర్‌లో దాన్నే గమ్యంగా ఎంచుకుంటే కాపీ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. యూఈఎఫ్ఐ మెషీన్లలో చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుని రీస్టార్ట్ చేస్తారు, హైకూ కనబడదు. ఫైళ్లు వచ్చాయి గానీ వాటిని లేపే లోడర్ ఫర్మ్‌వేర్ వెతికే చోట లేదు. ఈఎఫ్ఐ పార్టిషన్‌ని మౌంట్ చేసి, హైకూ లోడర్ ఫైలుని అందులో పెట్టాలి. మెషీన్‌లో హైకూ ఒక్కటే ఉంటే "ఈఎఫ్ఐ" ఫోల్డరులోని "బూట్" ఫోల్డరులో, "బూట్‌ఎక్స్64" పేరుతో. విండోస్ కూడా ఉంటే పక్కన "హైకూ" అనే ఫోల్డరు చేసి అందులో పెట్టి, ఫర్మ్‌వేర్ మెనూలోనో రీఫైండ్ లాంటి బూట్ మేనేజర్‌లోనో ఆ దారి చూపించాలి. ఉన్న ఫైలు మీద కొత్తది రాసే ముందు పాతదాన్ని వేరే పేరుతో దాచండి.

రోజువారీ బిల్డ్‌లకు భయపడక్కర్లేదు, కారణం ఇదీ

పరీక్షకులు సాధారణంగా బీటా మీద ఆగరు. రోజూ వచ్చే నైట్లీ బిల్డ్‌లు వాడతారు, ఎందుకంటే బీటాలో కనిపించిన తప్పు ఇప్పటికే సరై ఉండవచ్చు. సిస్టమ్ పాడైతే ఎలా అనే భయానికి హైకూలో మంచి జవాబు ఉంది. ఇక్కడ ప్యాకేజీని విప్పి ఫైళ్లుగా పరచరు. ప్యాకేజీ ఫైలు ప్యాకేజీల ఫోల్డరులో అలాగే ఉంటుంది, ప్యాకేజ్ ఎఫ్ఎస్ దాన్ని మౌంట్ చేసి లోపలి ఫైళ్లు సిస్టమ్ ఫోల్డరులో ఉన్నట్టు చూపిస్తుంది. ఆ ఫోల్డరు చాలావరకు చదవడానికే, రాయడానికి కుదరదు. తీసేయడమంటే ఆ ఒక్క ఫైలుని పక్కకి జరపడమే.

దీనివల్ల ప్రతి అప్‌డేట్‌కి ముందున్న స్థితిని సిస్టమ్ దాచుకోగలుగుతుంది. కొత్త బిల్డ్ బూట్ కాకపోతే లోడర్ మెనూలో బూట్ వాల్యూమ్ కిందికి వెళ్తే తేదీ, సమయంతో పాత స్థితులు వరుసగా కనిపిస్తాయి. నిన్నటిది ఎంచుకుంటే నిన్నటి సిస్టమ్ లేస్తుంది. మీ హోమ్ ఫోల్డరులోని ఫైళ్లు మాత్రం వెనక్కి వెళ్లవు, అవి ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. బీటా నుంచి నైట్లీకి మారాక మళ్లీ బీటాకి దిగడం మాత్రం సాఫీగా సాగదు, అందుకు వేరే పార్టిషన్ పెట్టుకోవడం మేలు.

ఈ ఏర్పాటు బగ్ వేటలో ఇంకో రకంగా ఉపయోగపడుతుంది. ప్రతి మార్పుకీ హెచ్‌రెవ్ అనే వరుస సంఖ్య ఉంటుంది. గత వారం బాగున్న ఆడియో ఈ వారం పోయిందనుకోండి, మధ్యలో 64 మార్పులున్నాయి. నడిమి బిల్డ్ తీసుకుని చూడండి. బాగుంటే తప్పు తర్వాతి సగంలో ఉంది, లేకపోతే ముందు సగంలో. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే ఆరు పరీక్షల్లో ఒక్క మార్పు దగ్గరికి చేరతారు. ప్రతి సంఖ్యకీ రెడీ ఇమేజ్ దొరక్కపోవచ్చు, మూడు నాలుగు మార్పుల దాకా కుదించినా డెవలపర్‌కు ఒక సాయంత్రం మిగులుతుంది.

ఫైలుకి అతికిన సమాచారం

హైకూని వాడి చూస్తున్నాం అనడానికి తప్పక ముట్టుకోవాల్సినది దీని ఫైల్ సిస్టమ్. బీఎఫ్ఎస్‌లో ప్రతి ఫైలుకీ ఎన్ని గుణాలైనా తగిలించవచ్చు, వాటి మీద డేటాబేస్‌లో లాగా వెతకవచ్చు. వచ్చిన ప్రతి మెయిలూ ఒక ఫైలు. పంపినవారు, విషయం, తేదీ దాని గుణాలు. ఫైల్ మేనేజర్ అయిన ట్రాకర్‌లో వాటిని నిలువు వరుసలుగా పెట్టుకుంటే మెయిల్ ప్రోగ్రాం తెరవకుండానే ఇన్‌బాక్స్ కనిపిస్తుంది. వెతుకులాట తెరిచి ఉంచితే, కొత్త ఫైలు షరతుకి సరిపోగానే దానంతటదే జాబితాలోకి వచ్చి చేరుతుంది.

ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. వెతుకులాట పనిచేసేది ఇండెక్స్ ఉన్న గుణాల మీదే. మీరు "ఊరు" అనే గుణం వంద ఫైళ్లకు తగిలించి, ఆ తర్వాత ఇండెక్స్ సృష్టిస్తే ఆ వంద ఫైళ్లూ వెతుకులాటలో కనబడవు, ఎందుకంటే ఇండెక్స్ పుట్టాక రాసినవే అందులో చేరతాయి. ముందు ఇండెక్స్, తర్వాత గుణాలు. క్రమం తప్పితే రీఇండెక్స్ కమాండ్ నడపాలి. ఇంకోటి, ఈ ఫైళ్లని మామూలు ఎఫ్ఏటీ పెన్‌డ్రైవ్‌కి కాపీ చేస్తే గుణాలు రాలిపోతాయి. హైకూలోనే జిప్ చేసి తీసుకెళ్తే నిలుస్తాయి. ఇది తెలియక "డేటా పోయింది" అని టికెట్ రాసినవారు ఉంటారు.

చేతికి ఆధారం చిక్కేలా

ఒక ప్రోగ్రాం క్రాష్ అయితే చిన్న పెట్టె వస్తుంది. అందులో "సేవ్ రిపోర్ట్" నొక్కితే డెస్క్‌టాప్ మీద ఒక టెక్స్ట్ ఫైలు పడుతుంది. ఏ ఫంక్షన్ నుంచి ఏది పిలిస్తే పడిపోయిందో అందులో ఉంటుంది. దాన్ని అలాగే జతచేయండి.

సిస్టమ్ మొత్తం పడిపోతే తెల్ల తెర మీద నల్ల అక్షరాలతో "కెర్నెల్ డీబగ్గింగ్ ల్యాండ్"కి స్వాగతం అనే వాక్యం వస్తుంది. మొదట చేయాల్సింది ఫోన్‌తో ఫోటో తీయడం, మొదటి వరుసలు స్పష్టంగా పడాలి. అసలు కారణం అక్కడే ఉంటుంది. కీబోర్డు పనిచేస్తుంటే "బీటీ" అని కొట్టండి, పిలుపుల వరుస వస్తుంది, దానికీ ఫోటో. ఆ తర్వాత "రీబూట్" అని కొట్టండి. పవర్ బటన్ పట్టుకుని ఆపేయకండి. అప్పటి లాగ్ మెమరీలో ఇంకా ఉంటుంది, కరెంటు ఆగితే పోతుంది. తిరిగి లేచేటప్పుడు లోడర్ మెనూలోకి వెళ్లి, డీబగ్ ఎంపికల్లో "గత సెషన్ లాగ్ దాచు" అనే దాన్ని వాడితే ఎఫ్ఏటీ32 పెన్‌డ్రైవ్ మీదికి అది వచ్చేస్తుంది. బొమ్మల దశలోనే ఆగిపోయే మెషీన్లకు తెర మీదే లాగ్ చూపించే ఎంపిక ఉంది, దాని చివరి పేజీ ఫోటో తీయండి.

సిస్టమ్ నడుస్తూ ఏదో ఒక పరికరం మాత్రమే పనిచేయకపోతే మూడు ఫైళ్లు కావాలి: వార్ లాగ్ ఫోల్డరులోని సిస్‌లాగ్, లిస్ట్‌డెవ్ కమాండ్ ఇచ్చే పరికరాల జాబితా, యూఎస్‌బీ వస్తువైతే లిస్ట్‌యూఎస్‌బీ ఇచ్చేది. జాబితాలోని తయారీదారు సంఖ్య, పరికర సంఖ్య ముఖ్యం. డబ్బా మీద ఒకే పేరున్న వైఫై డాంగిల్‌లో ఏటా వేరే చిప్పు ఉండవచ్చు, సంఖ్య మాత్రం నిజం చెబుతుంది. కొన్ని డ్రైవర్ల విషయంలో అసలు మరమ్మతు ఆ సంఖ్యని జాబితాలో ఒక వరుసగా చేర్చడమే.

టికెట్ ఇంగ్లిష్‌లోనే రాయాలి, చిన్న చిన్న వాక్యాలు చాలు. శీర్షికలో పరికరమో ప్రోగ్రామో, ఏం జరిగిందో ఉండాలి. లోపల హెచ్‌రెవ్ సంఖ్య, 32 బిట్టా 64 బిట్టా, చేసిన అడుగులు వరుసగా, జరగాల్సింది ఏమిటి, జరిగింది ఏమిటి. లాగ్‌ని అతికించకుండా ఫైలుగా జతచేయండి. ఒక టికెట్‌లో ఒకే సమస్య. ధ్వని రావట్లేదు, వైఫై తెగిపోతోంది అని రెండూ ఒకచోట రాస్తే ఒకటి సరైనా టికెట్ మూయలేరు, ఆ టికెట్ ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. రాసే ముందు పాత టికెట్లు వెతకండి. అదే లక్షణం ఉన్నా పరికర సంఖ్య వేరైతే కొత్త టికెట్ రాయడమే మంచిది.

ఏ గుమ్మం తట్టాలి

సిస్టమ్‌తో పాటు వచ్చేవన్నీ, వెబ్‌పాజిటివ్ బ్రౌజరుతో సహా, ట్రాక్ అనే హైకూ టికెట్ వ్యవస్థలోకి వెళ్తాయి. ప్రోగ్రాములు దొరికే హైకూ డిపో నుంచి దించుకున్న ప్రోగ్రాం అసలు ఇన్‌స్టాలే కాకపోయినా, లైబ్రరీ లేదన్నా, పాత వెర్షనే ఉన్నా అది పోర్టింగ్ చూసే హైకూపోర్ట్స్ వారి పని. అదే ప్రోగ్రాం లినక్స్‌లోనూ అలాగే తప్పు చేస్తే దాన్ని రాసిన అసలు బృందానికి చెప్పాలి. అందుకే లినక్స్‌లో ఒకసారి చూడటం దాదాపు ప్రతిసారీ పనికొస్తుంది. బీఓఎస్ కాలం నాటి స్థానిక ప్రోగ్రాములు చాలావాటిని హైకూ ఆర్కైవ్స్ అనే గూటిలో (కోడ్ రిపాజిటరీలో) కాపాడుతున్నారు, వాటి తప్పులు అక్కడికి.

కోడ్ వైపు మొదటి అడుగుగా పోర్టింగే తగినది అని గట్టిగా చెప్పవచ్చు. ప్రతి ప్రోగ్రాంకీ రెసిపీ అనే ఒక ఫైలు ఉంటుంది: సారాంశం, లైసెన్సు, సోర్స్ చిరునామా, దాని షా256 చెక్‌సమ్, అందించేవి, కావాల్సినవి, బిల్డ్ చేసే అడుగులు, ఇన్‌స్టాల్ చేసే అడుగులు. కొత్త వెర్షన్ వచ్చిన ప్రోగ్రాం రెసిపీని మార్చి, హైకూపోర్టర్‌తో బిల్డ్ చేసి, నడిపి చూసి పంపడం ఒక ఆదివారం పని. పాత వెర్షన్‌కే ప్యాచ్ చేర్చినప్పుడు రివిజన్ సంఖ్య పెంచడం మరిచిపోతుంటారు. పెంచకపోతే వాడకందారులకు అప్‌డేట్ అందదు.

లినక్స్ కోసం రాసిన కోడ్ ఇక్కడ ఎక్కడ తగులుకుంటుందో కొంత ముందే తెలుసుకోవచ్చు. గణిత, థ్రెడ్ లైబ్రరీలు విడిగా ఉండవు, అవి మూల లైబ్రరీ లిబ్‌రూట్‌లోనే ఉన్నాయి, కాబట్టి "ఎల్ఎం", "ఎల్‌పీథ్రెడ్" అని లింక్ చేయబోతే దొరకదంటుంది. నెట్‌వర్క్ ఫంక్షన్లకు మాత్రం లిబ్‌నెట్‌వర్క్‌ని విడిగా చేర్చాలి. యూఎస్ఆర్ ఫోల్డరు లేదు, దారులన్నీ వేరు. వీటికి కంపైలరే అరిచి చెబుతుంది. అరవని తప్పు ఒకటుంది: హైకూలో ఎర్నో సంఖ్యలు (ఏ తప్పు జరిగిందో చెప్పేవి) రుణాత్మకం. ఫైలు తెరవలేకపోతే లినక్స్ ప్రోగ్రాం "మైనస్ ఎర్నో" తిరిగి ఇస్తుంది, పిలిచినవాడు సున్నా కంటే తక్కువైతే విఫలం అనుకుంటాడు. ఇక్కడ మైనస్‌కి మైనస్ కలిసి ధన సంఖ్య అవుతుంది, విఫలమైన పని గెలిచినట్టు కనిపిస్తుంది. కంపైల్ శుభ్రంగా అయి, నడిపితే అర్థంలేని చోట పడిపోయే పోర్టుల్లో మొదట వెతకాల్సింది దీన్నే.

హైకూ కోడ్‌లోనే మార్పు చేయాలంటే

లినక్స్ మీదే బిల్డ్ చేయవచ్చు. పేర్లలో చిన్న, పెద్ద ఇంగ్లిష్ అక్షరాల తేడా గుర్తించే ఫైల్ సిస్టమ్ తప్పనిసరి. సోర్స్ ఒక గూడు, కంపైలర్ ఉన్న బిల్డ్‌టూల్స్ మరో గూడు, రెండింటినీ పక్కపక్కన దించుకోవాలి. బిల్డ్‌కి వాడే జామ్ అనే పనిముట్టు హైకూ వారు మార్చుకున్నది, దాన్ని కూడా బిల్డ్‌టూల్స్ నుంచే కట్టుకోవాలి. డిస్ట్రో ఇచ్చే జామ్‌తో కుదరదు. మొదటిసారి క్రాస్ కంపైలర్ తయారవ్వాలి కాబట్టి ఆలస్యం అవుతుంది. ఆ తర్వాత ఒక్క ప్రోగ్రాం పేరు చెప్పి జామ్ నడిపితే అదొక్కటే క్షణాల్లో తయారవుతుంది, మొత్తం ఇమేజ్ కట్టక్కర్లేదు. దాన్ని నడుస్తున్న హైకూలోకి కాపీ చేసి పరీక్షించండి. డ్రైవరైతే నాన్‌ప్యాకేజ్డ్ ఫోల్డరులో పెట్టి, ప్యాకేజీలోని పాత డ్రైవరుని బ్లాక్ చేయాలి. లేకపోతే ఏది నడుస్తోందో తెలియదు.

టికెట్లలో "ఈజీ" అని గుర్తు పెట్టినవి కొత్తవారి కోసమే. శైలి నియమాలు కచ్చితం: ఖాళీలకు ట్యాబ్‌లు, వరుసకి 100 అక్షరాలు మించకూడదు, ఫంక్షన్ తిరిగి ఇచ్చే రకం వేరే వరుసలో, ఫంక్షన్ల మధ్య రెండు ఖాళీ వరుసలు. మార్పు గెరిట్ అనే సమీక్షా వ్యవస్థలోకి వెళ్తుంది. తొలి పుష్‌లోనే "ఛేంజ్ ఐడీ లేదు" అని తిరస్కరిస్తే, గెరిట్ ఇచ్చే కమిట్ హుక్‌ని మీ గూటిలో పెట్టలేదన్నమాట. సమీక్షలో మార్పులు అడిగితే కొత్త కమిట్ చేర్చకండి, ఉన్న కమిట్‌నే అమెండ్ చేసి పంపండి, ఆ ఐడీ అలాగే ఉండాలి. ఖాళీ గురించి, పేరు గురించి పది వ్యాఖ్యలు రావడం మామూలే, అది చొరవ తీసుకుని చదివారనడానికి గుర్తు. విద్యార్థులకు ఇంకో దారి గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్. హైకూ అందులో మొదట 2007లో పాల్గొంది. అలాంటి దరఖాస్తుకు ముందే రెండు మూడు ప్యాచ్‌లు పంపి ఉంటే మాట్లాడటం తేలిక.

తెలుగు అక్షరాలు

మెనూలను తెలుగులోకి అనువదిద్దాం అన్న ఆలోచన మనవాళ్లకు మొదట వస్తుంది. ఆపి, ముందు ఒక పరీక్ష చేయండి. "స్త్రీ" అనే మాట యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఆ ఆరింటినీ ఒక్క అక్షరంగా కూర్చే పనిని షేపింగ్ అంటారు, చాలా సిస్టమ్‌లలో హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ ఆ పని చేస్తుంది. హైకూలో అక్షరాలు గీసే యాప్ సర్వర్ బీటా 5 దాకా ఈ కూర్పు లేకుండానే, సంకేతానికొక రూపం చొప్పున గీస్తుంది. ఫాంటు ఎంత మంచిదైనా ఒత్తులు కిందికి దిగవు, పొల్లు విడిగా నిలబడుతుంది. ఈ స్థితిలో మెనూలన్నీ అనువదిస్తే ఎవరూ చదవలేని తెలుగు తయారవుతుంది. ఒక్క తెలుగుకే కాదు, హిందీ, తమిళం, అరబిక్ లాంటి లిపులన్నిటికీ ముందు కావాల్సింది షేపింగే.

క్యూటీ లాంటి టూల్‌కిట్లు ఈ కూర్పుని సొంతంగా చేసుకుంటాయి. కాబట్టి స్థానిక ఎడిటరు స్టైల్డ్‌ఎడిట్‌లోనూ, డిపో నుంచి దించిన ఒక క్యూటీ ఎడిటర్‌లోనూ అదే వాక్యాన్ని, అదే ఫాంటుతో, అదే సైజులో తెరిచి పక్కపక్కన పెట్టి స్క్రీన్‌షాట్ తీయండి. వాక్యంలో స్త్రీ, రాష్ట్రం, క్ష, జ్ఞ, ర్త, కై, న్ అనే పొల్లు వచ్చేలా చూడండి. కర్సర్‌ని కుడి బాణంతో ఒక్కో అడుగు జరిపితే అక్షరం మధ్యలో ఆగుతోందా, బ్యాక్‌స్పేస్ కొడితే ఎంత పోతోందో కూడా రాసుకోండి. గీయడంలోని తప్పు, కర్సర్ తప్పు, వెడల్పు లెక్క తప్పు వేర్వేరు చోట్ల ఉంటాయి. షేపింగ్ మీద పనిచేసే డెవలపర్‌కు తెలుగు రాకపోవచ్చు, "ర్త"లో ఒత్తు ఏ వైపు ఎక్కడ పడాలో తెర చూసి చెప్పలేరు. సరైన రూపం బొమ్మ, తప్పు రూపం బొమ్మ, రెండింటికీ మూలమైన టెక్స్ట్ ఫైలు, హెచ్‌రెవ్ సంఖ్య కలిపి ఇదే విషయం మీద ఉన్న టికెట్‌కి జతచేయండి.